ఫొటోలో లేని బోర్డు

హైదరాబాదులో బండి ఉన్న ఇంట్లో ఎవరికీ ఆ ఫొటో కొత్త కాదు. ఫోనుకు మెసేజ్ వస్తుంది, లింకు నొక్కితే ఈ-చలానా తెరుచుకుంటుంది, అందులో ఒక బొమ్మ. స్కూటర్ వెనక భాగం, మధ్యలో నంబరు ప్లేటు, పక్క బండి టైరు సగం, ఓ మూల నడిచిపోతున్న ఎవరిదో చెప్పు కాలు. దాంతోపాటు తేదీ, సమయం, పోలీస్ స్టేషన్ పేరు, చోటు పేరు, ‘క్యారేజ్‌వేలో రాంగ్ పార్కింగ్’ అన్న ఆరోపణ, కట్టాల్సిన మొత్తం, పైన 35 రూపాయల యూజర్ చార్జీలు. ఆ బొమ్మను ఎంతసేపు చూసినా అందులో ఒకటి కనిపించదు. అక్కడ బండి ఆపకూడదని చెప్పే బోర్డు. నీలం వృత్తం, చుట్టూ ఎర్ర అంచు, ఏటవాలుగా ఒక ఎర్ర గీత. అది ఫొటో అంచుకు కాస్త అవతల ఉందేమో, మలుపు దాటాక ఉందేమో, వేపకొమ్మ చాటున ఉందేమో, పోస్టర్ల కింద మునిగిపోయిందేమో, అసలు లేనే లేదేమో. బండి అక్కడ ఉందన్నదానికి సాక్ష్యం ఉంది. అక్కడ ఉండటం ఎందుకు తప్పయిందో చెప్పే సాక్ష్యం లేదు. వంద, రెండు వందల రూపాయల విషయంలో ఇంత పట్టింపు ఎందుకని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. ఆలోచించినకొద్దీ డబ్బు పక్కకు పోతోంది, ఆ బోర్డు మాత్రం కళ్ళముందే నిలబడుతోంది.

మాటల దగ్గర మొదలుపెడితే దారి కొంత కనిపిస్తుంది. మనం ‘చలానా పడింది’ అంటాం. వాన పడింది, పిడుగు పడింది, ధర పడింది అన్నట్టు. ‘పడింది’ అన్నాక వేసినవాడు మాయమైపోతాడు. ఒక మనిషి ఒక చోట నిలబడి, ఒక బండిని ఎంచుకుని, ఒక సెక్షన్ తలచుకుని చేసిన పని ఆకాశం నుంచి రాలినదవుతుంది. రాలినదానితో వాదం ఏముంటుంది? గొడుగు పట్టుకోవాలి, లేదంటే తడవాలి. దీనికన్నా పాత మాట ఇంకొకటి ఉంది, ‘దండుగ’. బ్రౌన్ నిఘంటువు నాటికి కూడా దానికి జరిమానా అనే అర్థం ఉంది. దండన నుంచి పుట్టిన మాట. ఇవాళ దాన్ని ఆ అర్థంలో వాడేవాళ్ళు దాదాపు లేరు, ‘డబ్బు దండగ’ అన్నచోటే మిగిలింది. జరిమానాను చెప్పే మాట వ్యర్థాన్ని చెప్పే మాటగా ఎప్పుడు మారిందో భాషాశాస్త్రజ్ఞులు చెప్పాలి. ఎందుకు మారి ఉంటుందో మాత్రం చలానా కట్టేవాడి ముఖం చూస్తే కొంత ఊహించవచ్చు. ఇంకా లోతుకు వెళితే ‘తప్పు’ అన్న మాటే ఉంది. పల్లెల్లో ‘తప్పు కట్టాడు’ అంటే జరిమానా చెల్లించాడని. నేరానికీ దాని పరిహారానికీ ఒకటే పేరు. ఆ వాడుక వెనక ఒక సభ ఉండేది. నలుగురు పెద్దలు కూర్చుని, చేసినవాణ్ణి నిలబెట్టి, చేశావా లేదా అని అడిగి, ఆ తర్వాత తప్పు వేసేవారు. ఆ సభల్లో అన్యాయాలు లేవని నేను అనను, కులం బలంతో నడిచినవి ఎన్నో ఉన్నాయి. అయినా అడగడమనే ఘట్టం ఒకటి ఉండేది. మెసేజ్‌గా వచ్చే చలానాలో ఆ ఘట్టమే కనిపించడం లేదు.

నిజానికి చట్టం దాన్ని తీసేయలేదు, మనమే చూడటం మానేశాం. మోటారు వాహనాల చట్టం 1988లో 200వ సెక్షన్ ఉంది. కొన్ని చిన్న నేరాలను, కోర్టు దాకా వెళ్ళకుండానే, ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారి ప్రభుత్వం నిర్ణయించిన మొత్తం తీసుకుని రాజీ చేయవచ్చని అది చెబుతుంది. పోలీసులు పంపే చలానాలో ఉండే అంకె ఆ రాజీ మొత్తమే. అంటే మన చేతికొచ్చిన కాగితం తీర్పు కాదు. ఒక ఆరోపణ, దాంతోపాటు ఒక ప్రతిపాదన. నువ్వు ఈ తప్పు చేశావని మా అభిప్రాయం, ఒప్పుకుంటే ఇంత కట్టు, విషయం ఇక్కడితో సరి. ఒప్పుకోకపోతే ఏమవుతుంది? ఆరోపణ మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళాలి, అక్కడ దాన్ని నిరూపించే బాధ్యత ఆరోపించినవారిది. రాజీకి ఒప్పుకోకపోవడం ధిక్కారం కాదు. రాజీ అన్న మాటలోనే రెండు పక్షాలున్నాయి, రెండో పక్షానికి కాదనే స్వేచ్ఛ ఉంటేనే అది రాజీ. చలానా కాగితం మీద ఈ సంగతి పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే ఎంత తేడా ఉండేది!

ఇక ఆ ఆరోపణలో ఏముందో చూడాలి. బండి ఆపడం దానంతట అది నేరం కాదు. రెండు రకాలుగా నేరమవుతుంది, ఆ రెంటినీ విడదీసి చూడటంలోనే అసలు కిటుకు ఉందని నాకు అనిపిస్తుంది. మొదటిది, ఏ బోర్డూ అక్కర్లేని తప్పు. ఫుట్‌పాత్ మీద, జీబ్రా గీతల మీద, బస్టాపు దగ్గర, ఆసుపత్రి గేటుకు అడ్డంగా, ఆగి ఉన్న బండి పక్కన రెండో వరుసలో. 1989 నాటి రోడ్డు నియమాల్లో ఈ జాబితా ఉంది, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నియమాలూ పార్కింగ్‌కు ఇలాగే హద్దులు గీశాయి. 122వ సెక్షన్ కూడా ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అసౌకర్యం కలిగేలా బండి వదిలిపోకూడదంటుంది. ఇక్కడ బోర్డు అడగడం దబాయింపే అవుతుంది. రెండోది, బోర్డు వల్లనే తప్పయ్యేది. విశాలమైన రోడ్డు, పక్కన చోటుంది, ఎవరికీ అడ్డు లేదు, కానీ అధికారులు ఆ చోటును నిషేధించారు. ఈ నిషేధానికి ప్రాణం బోర్డులోనే ఉంది. సంకేతాలు పెట్టే అధికారం 116వ సెక్షన్‌లోనూ, బండ్లు నిలిపే చోట్లను నిర్ణయించే అధికారం 117లోనూ, సంకేతాలను పాటించాల్సిన బాధ్యత 119లోనూ ఉన్నాయి. లేని సంకేతాన్ని పాటించడం ఎవరికీ సాధ్యం కాదు. వేరే శిక్ష చెప్పని ఇలాంటి తప్పులన్నిటికీ 177వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణలో కేంద్రం దాని గరిష్ఠ జరిమానాను మొదటిసారికి 100 నుంచి 500కు, మళ్ళీ చేస్తే 300 నుంచి 1,500కు పెంచింది. జరిమానా పెరిగినప్పుడు దానికి చూపించాల్సిన ఆధారం కూడా గట్టిపడాలి కదా? ఫొటోలో పెరిగింది మెగాపిక్సెళ్ళే, చట్రం మాత్రం నంబరు ప్లేటు దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ నాకు బందెలదొడ్డి గుర్తుకొస్తుంది. పరాయి చేలో పడ్డ గేదెనో ఆవునో తోలుకుపోయి దొడ్లో కట్టేస్తే, యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు చెల్లించి విడిపించుకునేవాడు. టోయింగ్ బండి మీద వరసగా వేలాడుతూ పోయే స్కూటర్లను చూస్తే ఆ పశువులకూ వీటికీ పోలిక తట్టకుండా ఉండదు. ఆ దొడ్లను నడిపించిన చట్టం 1871 నాటిది, పరాయి ప్రభుత్వం చేసింది. రైతు మీద ప్రత్యేకమైన ప్రేమతో రాసిందేమీ కాదు. అయినా దాన్ని చదివితే ఒకచోట ఆగిపోతాం. పశువును అన్యాయంగా పట్టుకున్నారని అనిపిస్తే యజమాని 10 రోజుల్లోగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. పట్టుకోవడం చట్టవిరుద్ధమని తేలితే, పట్టుకున్నవాడు యజమానికి 100 రూపాయలకు మించకుండా నష్టపరిహారం ఇవ్వాలి. అదిగాక, విడిపించుకోవడానికి కట్టిన జరిమానా, పెట్టిన ఖర్చు అన్నీ వెనక్కి రావాలి. 1871లో 100 రూపాయలంటే ఎంతో ఊహించుకోండి. తప్పుగా పట్టుకున్నందుకు ఒక మూల్యం ఉంది, అది పట్టుకున్నవాడి చేతికే తగులుతుంది. మన మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్‌లో బండిని తీసుకుపోవడానికి షరతులున్నాయి. పార్కింగ్‌ను చట్టబద్ధంగా నిషేధించిన చోటై ఉండాలి, లేదా బండిని బహిరంగ స్థలంలో 10 గంటలో అంతకన్నా ఎక్కువసేపో వదిలేసి ఉండాలి. ఆ పరిధిలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఉండాలి. క్రేను కుర్రాళ్ళు తమంతట తాము ఎత్తుకుపోవడానికి వీల్లేదు. లాగుడు ఖర్చంతా యజమానిదేనని కూడా అందులో స్పష్టంగా ఉంది. పొరపాటున లాగితే ఆ ఖర్చు ఎవరిదన్నది మాత్రం అంత స్పష్టంగా లేదు. గేదెకు దొరికిన ఆ చిన్న న్యాయం స్కూటరుకు ఎందుకు దొరకకూడదు?

సరే, గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకనే మాట వస్తుంది. ఒక పూట సెలవు పెట్టి, ఆటోకి ఖర్చుపెట్టి, కోర్టు వరండాలో నిలబడి, రెండు వందలు మిగుల్చుకోవడం ఏం తెలివి? గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. జీతం తెగే మనిషికి ఇది వాదన కాదు, లెక్క. రెస్టారెంటు ముందు అయిదు నిమిషాలు బండి ఆపి ఆర్డరు తీసుకునే డెలివరీ కుర్రాడిని కోర్టుకు వెళ్ళమనడం, ఇంకో రెండు రోజుల సంపాదన వదులుకోమనడమే. అతనికి ఆ చలానా చిన్నది కూడా కాదు. నెలలో మూడోసారో నాలుగోసారో వచ్చి ఉంటుంది, అతని పనే బండి ఆపడం మీద నడుస్తుంది. కానీ ఈ అభ్యంతరం నిజంగా రుజువు చేస్తున్నది ఏమిటి? వాదించడం అనవసరమని కాదు, వాదించే దారి ఖరీదైందని. దారి ఖరీదైనప్పుడు తప్పుడు చలానాకూ సరైన చలానాకూ తేడా చెరిగిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకేలా వసూలవుతాయి. వేసేవాడికి తన పొరపాటు ఎప్పటికీ తెలియదు. బోర్డు పడిపోయిన చోట పదిమందికి, వందమందికి చలానాలు వెళ్ళినా అందరూ నోరుమూసుకుని కడితే, రికార్డుల్లో ఆ చోటు విజయవంతమైన తనిఖీ స్థలం అవుతుంది. అడిగిన ఒక్కడి వల్ల ఆ బోర్డు మళ్ళీ నిలబడుతుందేమో. అప్పుడు అతను పెట్టిన పూట తనకోసం పెట్టింది మాత్రమే కాదు.

కట్టకుండా ఊరుకునేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ లెక్క వేరు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాలకు రాయితీ ఇచ్చారు, ద్విచక్ర వాహనాలైతే నాలుగో వంతు కడితే చాలు. 2023 డిసెంబరు చివర మళ్ళీ ఇచ్చారు, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం, కార్ల వంటివాటికి 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం తగ్గింపు. గడువును రెండుసార్లు పొడిగించి 2024 ఫిబ్రవరి దాకా నడిపారు. పేదవాడికి ఊరట అని దీన్ని సమర్థించేవాళ్ళున్నారు. తోపుడు బండివాడి విషయంలో నేనూ కాదనను. కానీ ఈ రాయితీ ఎవరిని చూసి నవ్వింది, ఎవరిని చూసి ముఖం తిప్పుకుంది? చలానా వచ్చిన వారానికే పూర్తిగా కట్టినవాడికి ఏమీ దక్కలేదు. తాను తప్పు చేయలేదని రాసి, జవాబు కోసం తిరిగినవాడికి కూడా ఏమీ దక్కలేదు. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి దక్కింది. ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్ళు వేసే పార్కింగ్ జరిమానాకూ సగం తగ్గింపు ఉంటుంది, కానీ అది 14 రోజుల్లోపు కట్టినవారికి. కాదంటే ముందు కౌన్సిల్‌కు అభ్యంతరం రాసుకోవచ్చు. వాళ్ళు తోసిపుచ్చితే కౌన్సిల్‌తో సంబంధం లేని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అప్పీలుకు రుసుము లేదు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళు కూడా గీతలు, బోర్డులు ఫొటోలు తీసి పంపుతూ వాదించుకోవడం అలవాటు చేసుకున్నారు. ఆ వ్యవస్థలో లోపాలు లేవని కాదు. త్వరగా కట్టడానికీ త్వరగా కాదనడానికీ రెంటికీ తలుపు తెరిచి ఉంచింది, ఆలస్యానికి మాత్రం తెరవలేదు. మనం సరిగ్గా తలకిందులు చేశాం. అప్పుడు చలానా నేరానికి గుర్తుగా కాక, పండగ తగ్గింపు కోసం ఎదురుచూసే బాకీగా మారిపోతుంది. దాని విలువ మీద ప్రభుత్వానికే నమ్మకం లేదన్న సందేశం జనానికి చేరుతుంది.

దీనికి మించి పదునైన అభ్యంతరం ఒకటుంది, అది నడిచేవాడి వైపు నుంచి వస్తుంది. కోఠిలోనో, అబిడ్స్‌లోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో పిల్లవాణ్ణి చంకనేసుకుని నడిచే తల్లిని అడగండి, చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని అడగండి. బండ్లవాళ్ళు ఫుట్‌పాత్ తినేసి, రోడ్డు అంచు తినేసి, ఇప్పుడు బోర్డు ఏదని లా మాట్లాడుతున్నారా అంటారు. 2025 మేలో సుప్రీంకోర్టు అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కనీ, అది రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమనీ చెప్పింది. ఆ హక్కు ముందు నా బోర్డు వాదన చిన్నబోదా? చాలాసేపు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. చలానాలు తెచ్చుకున్న బండ్లలో ఎక్కువ భాగం నిజంగానే ఎవరికో దారి మూసి ఉంటాయని ఒప్పుకోవాలి. అందుకే కాదనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న చట్టాన్ని కాదు, మనల్ని మనం. ఆ రోజు ఆ బండి వల్ల ఎవరైనా రోడ్డు మధ్యలోకి దిగి నడవాల్సి వచ్చిందా? వచ్చి ఉంటే బోర్డు ఉన్నా లేకపోయినా కట్టేయడమే మర్యాద. ‘పార్కింగ్ చోటే లేదు కదా’ అన్నది కూడా జవాబు కాదు. చోటు లేకపోవడం నిజం. 2012 భవన నిబంధనల జీవో 168 ప్రకారం కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగుకు వదలాలి. ఆ సెల్లార్లలో ఎన్ని దుకాణాలూ గోదాములూ అయ్యాయో బజారు చూసినవారికి తెలుసు. 2018లో జీవో 63 వచ్చి, మాల్స్‌లో మొదటి 30 నిమిషాలకు రుసుము తీసుకోకూడదని, ఆ తర్వాత రుసుముకు మించిన కొనుగోలు బిల్లు చూపితే కూడా తీసుకోకూడదని చెప్పాల్సి వచ్చింది. చోటును మింగిన భవనానికి వెళ్ళాల్సిన నోటీసు రోడ్డున పడ్డ బండికి వెళుతోందన్న బాధ న్యాయమైనదే. అయినా సెల్లారు మింగినవాడి తప్పు, ఫుట్‌పాత్ మీద నడిచేవాడు ఎందుకు మోయాలి?

కానీ పాదచారి పక్షాన నిలబడ్డాక బోర్డు మరింత ముఖ్యమవుతుందని తర్వాత తట్టింది. ఫుట్‌పాత్ మీది బండిని వదిలేసి, వెడల్పు రోడ్డు పక్కన ఎవరికీ అడ్డులేని బండిని ఫొటో తీయడం సులువైన పని. అక్కడ నీడ ఉంటుంది, వరసగా బండ్లు దొరుకుతాయి, గొడవ పెట్టుకునే యజమాని దగ్గర్లో ఉండడు. ఆధారం చూపించనక్కర్లేని చోట తనిఖీ సులువైన వైపుకే జారుతుంది. ప్రతి ఫొటోలోనూ తప్పు ఏమిటో కనపడాలన్న నియమం పెడితే, ఫుట్‌పాత్ మీది బండికి ఫుట్‌పాతే సాక్ష్యం అవుతుంది. జీబ్రా మీది బండికి జీబ్రానే సాక్ష్యం. వాటిని తీయడమే తేలికవుతుంది. బోర్డు అడిగేవాడు నడిచేవాడికి శత్రువని ఎందుకనుకోవాలి? ఇద్దరూ అడిగేది ఒకటే, తప్పు ఎక్కడుందో అక్కడే పట్టుకోమని.

ఇంకో చిక్కు ఉంది. చలానా బండి పేరున వస్తుంది, బండి యజమాని పేరున ఉంటుంది. ఆపినవాడు వేరే కావచ్చు. తమ్ముడు, మెకానిక్, రెండేళ్ళ కిందట కొనుక్కున్న మనిషి. డ్రైవరెవరో పోలీసులు అడిగితే చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ యజమాని మీద పెట్టింది. అడగడమన్నది ఇక్కడ కూడా చట్టంలో ఉంది, వాడుకలో జారిపోయింది. అమ్మేసిన బండి సంగతి మరీ బాధాకరం. అమ్మినవారు, బదిలీ అదే రాష్ట్రంలోనైతే, 14 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతుంది. తెల్ల కాగితం మీద సంతకం పెట్టి, తాళాలు ఇచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని పోవడం మన అలవాటు. అందుకే ఎక్కడో వరంగల్‌లో ఆగిన బండికి కరీంనగర్‌లో ఎవరికో మెసేజ్ వస్తుంది. ఇక్కడ తప్పు పోలీసులది కాదని ఒప్పుకోవాలి. ఆర్సీలో పేరు మార్పించని నిర్లక్ష్యాన్ని ఏ బోర్డు వాదనా కాపాడదు.

ఇంత చెప్పాక, నిజంగా కాదనాలనుకున్న మనిషి ఏం చేయాలి? ముందు ఫొటోను తీరిగ్గా చూడాలి, నంబరు మనదేనా, బండి రంగు మనదేనా అని మొదలుపెట్టి. ఒక అంకె తేడాతో వేరే బండి చలానా మనకు రావడం అరుదేమీ కాదు. తర్వాత ఆ చోటుకు వెళ్ళాలి, అదీ తొందరగా. బోర్డు ఈ రోజు లేకపోవచ్చు, కోర్టు తేదీ నాటికి ఉండవచ్చు. దూరం నుంచి, దగ్గర నుంచి, రెండు వైపుల నుంచి తేదీ పడేలా ఫొటోలు తీసుకోవాలి. దగ్గర్లో పెయిడ్ పార్కింగ్ రసీదు ఏదైనా ఉంటే దాచుకోవాలి. ఆపైన ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా, మర్యాదగా, ఏ సెక్షన్ కింద, ఏ సంకేతాన్ని ఆధారం చేసుకుని వేశారో అడగాలి. కోపం రాయకూడదు, వాస్తవం రాయాలి. వాళ్ళు దిద్దకపోతే రాజీకి ఒప్పుకోవడం లేదని చెప్పి కోర్టుకు పంపమని కోరవచ్చు. ఢిల్లీలో 2019లో మొదలైన వర్చువల్ కోర్టు పద్ధతిలో రెండే దారులు ఉంటాయి, జరిమానా కడతాను, కేసు వాదిస్తాను. రెండోది ఎంచుకుంటే మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది. వాదిస్తాననే మాట తెర మీద ఒక మీటగా ఉండటమే నాకు గొప్పగా తోస్తుంది. లోక్ అదాలత్ గురించి మాత్రం ఒక అపోహ ఉంది. తప్పు చేశాను, కొంచెం తగ్గించండి అనేవారికి అది మంచి చోటు. తప్పే చేయలేదనేవారికి అది సరైన చోటు కాదు, అక్కడ జరిగేది రాజీ, దాని మీద అప్పీలు కూడా ఉండదు. ఇంకొక సంగతి న్యాయవాదులకు తెలుసు, బండివాళ్ళకు తెలియదు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి గడువు 6 నెలలు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 468వ సెక్షన్‌లో ఉన్న ఈ మాట కొత్త నాగరిక్ సురక్షా సంహిత 514లోనూ ఉంది. మరి ఏళ్ళ తరబడి కోర్టు ముఖం చూడకుండా పెండింగ్ జాబితాలో కూర్చున్న చలానాలు ఏ బలంతో కూర్చున్నాయి? రాయితీ మేళాల్లో వసూలైన వాటిలో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఆలోచిస్తే మనసు ఇబ్బంది పడుతుంది.

అందరూ ఇలా వాదిస్తే కోర్టులు మునిగిపోవా అన్నది చివరి అభ్యంతరం. మునుగుతాయి, నిజమే. అయితే అది ఎవరిని మార్చమని చెప్పే వాదన? పౌరుడు నోరు మూసుకుంటేనే నడిచే వ్యవస్థ అయితే, దాని బరువు ఇప్పటికీ ఎవరో మోస్తూనే ఉన్నారు, కనపడకుండా. కోర్టు దాకా రాకుండానే తేలేలా చేయడం అసాధ్యమేమీ కాదు. కేంద్రం 2021 ఆగస్టులో మోటారు వాహన నియమాల్లో 167ఏ చేర్చింది. కెమెరాల ద్వారా వేసే చలానాలో నేరం స్పష్టంగా తెలిసే ఫొటో ఉండాలనీ, ఏ నిబంధన ఉల్లంఘించారో చెప్పాలనీ, తేదీ, సమయం, చోటు ఉండాలనీ, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి తగిన ధ్రువపత్రం ఉండాలనీ, నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలనీ అందులో రాశారు. అనధికార స్థలంలో బండి ఆపడం కూడా ఆ నేరాల జాబితాలో ఉంది. పరికరాల పేర్లు చెబుతూ స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, ఒంటికి తగిలించుకునే కెమెరా, డ్యాష్‌బోర్డు కెమెరా అన్నారు. ఆ పేర్లలో మామూలు సెల్‌ఫోను లేదు. ఇతర సాంకేతిక పరికరాలు అన్న మాటలోకి అది వస్తుందా రాదా అని న్యాయవాదులు తేల్చుకోవచ్చు, నా దృష్టి వేరే మాట మీద ఉంది. నేరం స్పష్టంగా తెలిసే ఫొటో. బండి తెలిసే ఫొటో అనలేదు. నో పార్కింగ్ చోట నేరం తెలియాలంటే బోర్డు తెలియాలి.

కానిస్టేబుల్ పని తేలికైందని నేను అనుకోవడం లేదు. ఎండలో, పొగలో, హారన్ల మధ్య నిలబడి, రోజుకు ఇన్ని అన్న ఒత్తిడి పైనుంచి ఉంటే ఆ ఒత్తిడితో, తిట్లు పడుతూ చేసే పని అది. అతణ్ణి అడిగేది ఎక్కువేమీ కాదు. నంబరు ప్లేటు తీశాక రెండడుగులు వెనక్కి వేసి, బండీ బోర్డూ కలిసి వచ్చేలా ఇంకో ఫొటో. వెనక్కి వేసినప్పుడు బోర్డు కనపడకపోతే అప్పుడు అతను ఏం చేయాలి? చలానా వేయకుండా, ఆ స్తంభం దగ్గర బోర్డు లేదని తన ఎస్ఐకి ఒక మెసేజ్ పెట్టాలి. ఆ మెసేజ్‌లో కూడా తేదీ, సమయం, చోటు ఉంటాయి, చలానాలో ఉన్నట్టే.